ఎల్‌సి ఉందండి

కరెంటు పోయి చాలాసేపయింది. మా ఆవిడ మరియమ్మ వీధి అరుగు మీద విసనకర్రతో కూర్చుని, "ఆ గదిలో ఉడికిపోయే బదులు ఇలా వచ్చి కూర్చోకూడదూ" అంటోంది. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. కూర్చుంటే కాలు ఊగుతుంది. లేస్తే గుమ్మం దాకా వెళ్తాను, గేటు దాకా వెళ్తాను, మళ్ళీ వస్తాను. ఇలా కాలుగాలిన పిల్లిలా తిరగడం నాకు కొత్త కాదు, రిటైరయినంత మాత్రాన పోయేదీ కాదు. చేతికి ఏదో ఒక పని ఉంటే కాస్త నయమని ఈ కాగితాలు ముందేసుకున్నాను.

కరెంటు ఎందుకు పోయిందో నాకు తెలుసు. ఓడలరేవు పోయే రోడ్డులో కొబ్బరిమట్ట తెగి లైను మీద పడింది. దాన్ని తీయడానికి వీరబాబు అనే లైన్‌మన్ స్తంభం ఎక్కాడు. ఎక్కబోయే ముందు నాకు ఫోన్ చేసి, "బాబాయిగారూ, ఎక్కుతున్నానండి" అన్నాడు. "సరే" అన్నాను. అంతే. దిగాక మళ్ళీ చేస్తాడు. ఉద్యోగంలో లేని నాకు వాడు ఫోన్ చేయడమెందుకో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, కరెంటు డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు నన్ను పట్టుకుని, "మీ అనుభవాలు చెప్పండి తాతగారూ" అన్నారు. తాతగారూ అన్నందుకు ఒళ్ళు మండింది గాని, అడిగింది మంచి మాటే. ఇది వాళ్ళ కోసం.

ఇవ్వడం కాదు, ఇవ్వకపోవడం

నేను సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరుగా పనిచేశాను. అమలాపురానికీ సముద్రానికీ మధ్య ఒక ఊళ్ళో. ఊరి పేరు రాయను, ఆ ఊరివాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది. పెద్ద లైను మీద వచ్చే కరెంటును తగ్గించి నాలుగు వైపులా ఊళ్ళకు పంపించే చోటే సబ్‌స్టేషన్. ఒక్కో వైపు పోయే లైనును ఫీడరు అంటాం. గదిలో వరసగా ప్యానెళ్ళు, ఒక్కో ఫీడరుకు ఒక్కో మీట. చూసేవాళ్ళకు అది కుర్చీలో కూర్చుని మీట తిప్పే ఉద్యోగం. మా అత్తగారు బతికున్నంత కాలం, "మా అల్లుడు ఊరందరికీ కరెంటిస్తాడు" అని చెప్పుకునేది. పాపం, ఆవిడకెవరు చెబుతారు? ఇవ్వడానికి ఏపాటి తెలివీ అక్కర్లేదు. ఇవ్వకుండా ఉండటమే అసలు ఉద్యోగం.

లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు ఆపరేటరు దగ్గర లైన్ క్లియర్ తీసుకోవాలి. దాన్ని మేమంతా ఎల్‌సి అంటాం. నేను ఆ ఫీడరు ఆపి, బయట స్విచ్ తెరిచి తాళం వేసి, ప్యానెల్‌కి 'మనుషులు పని చేస్తున్నారు' అని బోర్డు తగిలించి, అప్పుడు "ఎల్‌సి ఇచ్చేనండి" అని చెబుతాను. అతను పని ముగించి దిగాక "ఎల్‌సి రిటర్న్" అని చెప్పాలి. ఎవరు తీసుకున్నారో వారే తిరిగివ్వాలి. అతని తరఫున తోడబుట్టినవాడు చెప్పినా చెల్లదు, పై అధికారి చెప్పినా చెల్లదు.

ఒక్కసారి ఆలోచించండి. అతను నాకు కనపడడు, నేను అతనికి కనపడను. మధ్యలో కొబ్బరితోటలు, చెరువులు, కాలువలు. నా నోటి మాట ఒక్కటి పట్టుకుని, అతను మనిషిని బొగ్గు చేసే తీగ మీద చెయ్యి వేస్తాడు. పొరపాటున కరెంటొచ్చినా నేలలోకి పోయేలా లైనుకి ఎర్త్ గొలుసులు తగిలించుకుంటాడు, గ్లవ్స్ వేసుకుంటాడు, అవన్నీ చెయ్యాల్సిందే. కానీ అన్నిటికంటే ముందు నన్ను నమ్ముతాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి నాకు పూర్తిగా అర్థమైన రోజున అన్నం సహించలేదు.

గంగరాజు గారి ఒక్క ముక్క

నాకు పని నేర్పినవారు గంగరాజు గారు. లావుపాటి మనిషి, నుదుటి మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు, మాట మాత్రం మహా పొదుపు. నేనేమో అప్పటికి నోరు మూతపడని కుర్రాణ్ణి. ఎవరైనా ఫోన్ చేసి "కరెంటెప్పుడిస్తారండీ?" అంటే చాలు, ఏ స్తంభం మీద ఏం జరిగిందో, ఎవరు ఎక్కారో, ఎందుకు ఆలస్యమో హరికథలా చెప్పేవాణ్ణి. ఆయన అదంతా వింటూ కిళ్ళీ నమిలేవారు.

ఒక రోజు రైసు మిల్లు నడిపే ఆసామి వచ్చి లైను ఇమ్మని పట్టుబట్టాడు. అవతల మనిషి స్తంభం మీదున్నాడు. నేను కారణాలు చెప్పడం మొదలుపెట్టాను. ఒక కారణం చెబితే ఆయన దాన్ని కొట్టేశాడు. రెండోది చెప్పాను, దాన్నీ కొట్టేశాడు. మూడోదానికి వచ్చేసరికి నాకే అనుమానం వచ్చింది, ఈయన చెప్పేదే సబబేమో అని. అప్పుడు గంగరాజు గారు లేచి వచ్చి, ఆసామికి నమస్కారం పెట్టి, "ఎల్‌సి ఉందండి" అన్నారు. ఆసామి ఏదో అన్నాడు. "ఎల్‌సి ఉందండి." ఆయన గొంతు పెంచాడు. "ఆయ్, ఎల్‌సి ఉందండి." మిల్లు ఆసామి విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

"ఆ ఒక్క ముక్కే చెప్పాలయ్యా సత్యానందం," అన్నారు తరవాత. "నువ్వు కారణం చెప్పేవనుకో, ఆయన అంతకంటే మంచి కారణం తెచ్చుకుంటాడు. స్తంభం మీదున్నోడు నీ తెలివితేటలు నమ్మి ఎక్కలేదు. నీ మాట నమ్మి ఎక్కేడు."

ఇప్పటి ఆఫీసర్లు శిక్షణలంటూ, వీడియోలంటూ చాలా చూపిస్తున్నారట. మంచిదే. కానీ ఈ ముక్క చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నా అనుమానం.

టీ కొట్టు దగ్గర నా గెలుపులు

ప్యానెల్ దగ్గర ఆ పాఠం బాగానే ఒంటబట్టింది. బయట మాత్రం ఒంటబట్టలేదు. మా నాన్న సంఘ పెద్ద. ఇంట్లో పొద్దునా సాయంత్రమూ ప్రార్థన. ఆ విశ్వాసం నాకు నిజంగానే ప్రాణం. కానీ దాన్ని ఎవరైనా ఒక్క మాట అంటే పూనకం వచ్చేసేది. సబ్‌స్టేషన్ ఎదుట టీ కొట్టు దగ్గర ఎవరు ఏ మాట అన్నా, దాన్ని తిప్పి తిప్పి ప్రభువు దగ్గరికి తెచ్చి, అక్కడి నుంచి వాదన మొదలుపెట్టేవాణ్ణి. నెగ్గేవాణ్ణి కూడా. నేనెన్నిసార్లు నెగ్గానో అన్నిసార్లూ ఎదుటివాళ్ళు టీ సగంలో వదిలేసి లేచిపోయారు.

వీరబాబు అలా లేచిపోయే రకం కాదు. అప్పుడే కొత్తగా లైన్‌మన్‌గా చేరాడు. సన్నగా, నల్లగా, కొబ్బరిచెట్టు ఎక్కినంత సులువుగా స్తంభం ఎక్కేవాడు. వాళ్ళన్న కువైట్ నుంచి ఎన్నిసార్లు రమ్మన్నా, "అక్కడ స్తంభాలుంటాయి గాని మీలాంటోళ్ళు ఉండరు కదండీ" అని నా ముందు వేళాకోళం చేసేవాడు. వాళ్ళ గ్రామదేవత జాతరలో అమ్మవారి గరగ కలశం నెత్తిన పెట్టుకుని ఆడేవాడు. నన్ను కవ్వించడం వాడికి టీలో పంచదార కంటే ఇష్టం.

"బాబాయిగారూ, ఒక్క డౌటండి. తుఫానొచ్చినప్పుడు మీ మందిరం రేకులెగిరిపోయేయి. మా గుడి ధ్వజస్తంభవూ ఒరిగిపోయింది. దీనికేవంటారు?"

నేను గంటసేపు ఏమంటానో అంటాను. వాడు చెంప కింద చెయ్యి పెట్టుకుని అంతా వింటాడు. చివర, "ఆయ్, బాగుందండి. మరి రేకులెందుకెగిరేయండీ?" అంటాడు. కొట్టంతా నవ్వుతుంది. నేను ఇంటికొచ్చి ఆ రాత్రంతా కొత్త జవాబు తయారు చేసుకుంటాను.

ఒకసారి అలా గదిలో తిరుగుతూ జవాబు వల్లిస్తుంటే మరియమ్మ దుప్పటి తీసి, "ఏవండీ, ప్రభువుని మీరు కాపలా కాస్తున్నారా, మిమ్మల్ని ఆయన కాపలా కాస్తున్నాడా?" అంది. కోపం వచ్చింది. వెళ్ళి పడుకున్నాను. మా ఆవిడ సంఘంలో ఎప్పుడూ వెనక చాప మీద కూర్చుంటుంది. ఎవరితోనూ వాదించగా నేను చూడలేదు. ఇరుగుపొరుగు వాళ్ళు ఏ కష్టమొచ్చినా ముందు మా గుమ్మంలోకే వచ్చేవారు, నా కోసం మాత్రం కాదు.

ఆ మధ్యాహ్నం

రాత్రి గాలివాన కొట్టింది. మర్నాడు మబ్బు విడవలేదు. అన్ని ఫీడర్లలోనూ ఏదో ఒక గొడవ. రొయ్యల చెరువుల వైపు పోయే ఫీడరు మీద మట్టలు పడ్డాయని వీరబాబు ఎల్‌సి తీసుకున్నాడు. వాడి వెంట ఉండాల్సిన మనిషిని ఇంకో ఊళ్ళో తీగ తెగిందని అటు పంపేశారు. వీరబాబు ఒక్కడే.

మధ్యాహ్నానికి సూరిబాబు గారు వచ్చారు. చెరువులు కౌలుకు తీసుకుని రొయ్యలు వేసిన రైతు. మంచి మనిషి, అబద్ధమాడగా ఎవరూ వినలేదు. ఆ రోజు మోటారు సైకిలు స్టాండు కూడా వెయ్యలేదు, గోడకు చేరేసి పరిగెత్తుకొచ్చారు.

"సత్యానందం గారూ, లైనిచ్చేయండి బాబూ. ఏరియేటర్లు ఆగిపోయేయి, జనరేటరు మొరాయించింది. రొయ్యంతా పైకొచ్చేసిందండి."

ఏరియేటర్లంటే చెరువు నీటిని చిలికి గాలి ఎక్కించే చక్రాలు. మబ్బు పట్టిన రోజున అవి ఆగితే నీటిలో గాలి చాలక రొయ్య పైకి తేలుతుంది. ఆ తరవాత ఎంతోసేపు బతకదు. నాకు తెలియని సంగతేం కాదు.

"ఎల్‌సి ఉందండి," అన్నాను.

"వీరబాబు దిగిపోయేడండీ! నా కళ్ళతో చూసేను. మట్టలు తీసేసేడు, గొలుసులు విప్పేసేడు, దిగి బండెక్కేడు. ఇటే వస్తన్నాడేమో అనుకున్నాను."

వీరబాబుకు ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేశాను. స్విచ్ ఆఫ్. సబ్‌స్టేషన్‌లో నేనొక్కణ్ణే, వదిలి వెళ్ళడానికి లేదు. "మీ మనిషినెవరినైనా పంపించి వాడి చేత ఓ మాట చెప్పించండి," అని బతిమాలాను. ఆయన వెంట వచ్చినవాళ్ళలో ఒకడు బండి మీద వెళ్ళాడు, చూసి వచ్చాడు. "ఆ స్తంభం కాడ ఎవరూ లేరండి. బండీ లేదు. టీ తాగడానికెళ్ళుంటాడు," అన్నాడు.

ఇక్కడ మీకో మాట దాచకుండా చెప్పాలి. వాళ్ళ మాట నేనూ నమ్మాను. వీరబాబు దిగిపోయాడనే అనుకున్నాను. దిగి, బుద్ధి లేక, రిటర్న్ చెప్పడం మరిచి ఎక్కడో కూర్చున్నాడని మనసులో వాణ్ణి తిట్టుకున్నాను కూడా. ఎదురుగా ఒక మనిషి సర్వస్వమూ పోతోంది. నా జేబులో స్విచ్ తాళంచెవి ఉంది. ప్యానెల్ నుంచి కిటికీకి, కిటికీ నుంచి ప్యానెల్‌కి తిరుగుతున్నాను.

సూరిబాబు గారు మా పై అధికారి ఏఈ గారికి ఫోన్ కలిపి నా చెవికి పెట్టారు. కుర్రాడు, చదువుకున్నవాడు, మంచివాడే. "రైతు కళ్ళారా చూశానంటున్నారు కదా సత్యానందం గారూ. లైను ఛార్జ్ చేసెయ్యండి. బాధ్యత నాది," అన్నాడు.

"ఎల్‌సి ఉందండి."

"నాకు రూల్స్ చెబుతున్నారా?"

"లేదండి. ఎల్‌సి ఉందండి."

ఆయన విసురుగా ఫోన్ పెట్టేశాడు. పిల్లలూ, ఒకటి గుర్తుపెట్టుకోండి. బాధ్యత నాది అనే గొంతు ఫోన్‌లో ఉంటుంది. మీట మీదుండే చెయ్యి మాత్రం మీది.

ఈలోగా జనం పోగయ్యారు. తలుపు దగ్గర నిలబడి తలా ఒక మాట అంటున్నారు. సూరిబాబు గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు. "మీరు రోజూ ప్రార్థన చేసుకునే మనిషే కదండీ. సాటి మనిషి ములిగిపోతుంటే చూస్తా కూచోమని మీ దేవుడు చెప్పేడా మీకు?"

ఆ మాట సూటిగా వచ్చి గుండెలో తగిలింది. దానికి నా దగ్గర జవాబులు లేకనా? ఏళ్ళ తరబడి టీ కొట్టు దగ్గర పదును పెట్టుకున్నవన్నీ నాలుక మీదికి వచ్చేశాయి. నా ప్రభువును అన్నారు. జనం ముందు అన్నారు. నోరు తెరిచాను. తెరిస్తే ఒక మాట అంటాను, ఆయన ఒకటంటారు. ఆయన చెప్పేవన్నీ నిజాలు. నా దగ్గర నిజాలేవీ లేవు, వీరబాబుకు నేనిచ్చిన మాట ఒకటి తప్ప. వాదనకు దిగితే ఓడిపోతానని నాకు తెలుసు. ఓడిపోతే తాళంచెవి తియ్యాలి.

"ఎల్‌సి ఉందండి," అన్నాను.

ఆయన చెయ్యి వదిలేశారు. బయట ఎవరో "ఛీ" అన్నారు. నేను ప్యానెల్‌కి వీపు ఆనించి నిలబడి కళ్ళు మూసుకున్నాను. ప్రార్థనలో నాకున్న పేరు మీకు తెలుసు, మొదలుపెడితే కూర ఇగిరిపోతుందని మా ఇంట్లో ఎగతాళి. ఆ రోజు ఒక్క ముక్కే వచ్చింది. ప్రభువా, వాడి ఫోన్ మోగించు. అదే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను.

ఫోన్ మోగింది. వీరబాబు కాదు, ఏఈ గారు. నా మీద కోపంతో తనే బండి వేసుకుని లైను వెంబడి బయలుదేరాడట. పక్కన గాలి శబ్దం వినిపిస్తోంది. "చెప్పండి సార్" అన్నాను.

"పైనున్నాడండీ," అన్నాడు. "సత్యానందం గారూ, వీడు పైనున్నాడండీ."

ఆయన గొంతు ఏడుపు గొంతు. నేను ప్యానెల్ ముందే కింద కూలబడ్డాను.

జరిగింది ఇది. వీరబాబు పని ముగించి, గొలుసులు విప్పేసి, నిజంగానే దిగాడు. రిటర్న్ చెప్పడానికి జేబులోంచి ఫోన్ తీస్తుంటే జారి పక్కనే ఉన్న పంట బోదె కాలువలో పడింది. నీళ్ళలోంచి తీశాడు, పలకలేదు. సరే, సబ్‌స్టేషన్‌కే వచ్చి చెబుదామని బండెక్కాడు. దారిలో తోట మలుపు అవతల ఇంకో స్తంభం మీద తీగ కట్టు వదులై వేలాడుతూ కనిపించింది. ఎల్‌సి చేతిలోనే ఉంది కదా, అరనిమిషం పని అని ఎక్కాడు. అరనిమిషమే కదా అని గొలుసులు తగిలించలేదు. ఎక్కాక చూస్తే కట్టు పూర్తిగా తెగి ఉంది. అక్కడే ఉండిపోయాడు.

సూరిబాబు గారు చూసింది నిజం. వాళ్ళ మనిషి చూసిందీ నిజం. అన్ని నిజాలూ కలిసి వాణ్ణి చంపేసి ఉండేవి.

ఏఈ గారి ఫోన్‌లోంచే, "ఎల్‌సి రిటర్న్ అండి బాబాయిగారూ" అన్నాడు వీరబాబు. వాడికి ఏమీ తెలియదు, హుషారుగా అన్నాడు. లైను ఇచ్చాను. అప్పటికి సూరిబాబు గారు వెళ్ళిపోయారు. ఒక చెరువు దక్కింది. పెద్ద చెరువు మొత్తం పోయింది.

సాక్ష్యం

సాయంత్రం వీరబాబు వచ్చాడు. ఎప్పుడూ గోడ మీద కూర్చునేవాడు, ఆ రోజు నా కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. "ప్రార్థన చేసేరా బాబాయిగారూ?" అన్నాడు.

"చేసేన్రా."

"ఏమని?"

"నీ ఫోన్ మోగాలని."

వాడు ఆలోచించాడు. "నా ఫోన్ బోదెలో పడిపోయింది కదండీ. ఎలా మోగుద్ది? అంటే మీ ప్రార్థన వినలేదన్నమాట."

మామూలుగా అయితే నాకు పండగే. ఫోన్ మోగకపోయినా ఏఈ గారు బయలుదేరాడు కదా అనొచ్చు, ప్రభువు నా నోరు కట్టేశాడు కదా అనొచ్చు, ఇంకా నాలుగు అనొచ్చు. ఏమీ అనాలనిపించలేదు. "ఏమోరా," అన్నాను.

వీరబాబు కంగారు పడ్డాడు. "ఏమో అంటారేంటండీ? ఎప్పుడూ ఏదోటి చెబుతారు కదా."

"తెలీదురా. భయమేసింది. ఆయన్ని పట్టుకున్నాను. అంతే."

వాడు లేచాడు. పోతూ పోతూ నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, "లేవరా వెధవా, గొలుసులు లేకుండా ఎక్కుతావా" అని చెడామడా తిట్టాను. తిడుతుంటే ఏడుపొచ్చేసింది. వాడూ ఏడ్చాడు.

కథ ఊరంతా పాకింది. ఆదివారం పాస్టరు గారు నన్ను లేపి సాక్ష్యం చెప్పమన్నారు. ప్రభువు నీకు చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పడం మాకు ఆచారం. అందరూ చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకున్నారు. నేను లేచి నిలబడ్డాను. జనంలో నాకు సూరిబాబు గారి మొహమే కనపడింది, ఆయన అక్కడ లేకపోయినా. "వీరబాబు బతికేడు. సూరిబాబు గారి చెరువు పోయింది. ఇద్దరి కోసమూ ప్రార్థన చెయ్యండి," అని కూర్చున్నాను. చప్పట్లు పడలేదు. పాస్టరు గారికి కొంచెం నిరాశ. మరియమ్మ వెనక చాప మీద నుంచి నా వైపు చూసింది. పెళ్ళయ్యాక ఆవిడ అలా చూడటం నేనెరగను.

సూరిబాబు గారు చాలాకాలం నాకు ఎదురుపడలేదు. ఎదురుపడితే నాకే తల వంగిపోయేది. తప్పు చెయ్యలేదు, నిజమే, కానీ ఆయన కష్టం నా చేతి మీదుగానే పోయింది కదా. ఒకనాడు అంబాజీపేటలో కొబ్బరి లారీల మధ్య నన్ను చూసి ఆయనే ఆగారు.

"ఓ మాట చెబుతానండి," అన్నారు. "ఆవేళ మీరు నాకు ఒక్క జవాబు చెప్పినా, మిమ్మల్ని తోసేసి తాళంచెవి లాక్కునేవాణ్ణండి. మావోళ్ళూ అందుకే ఉన్నారక్కడ. మీరేమో మాటాడరాయె. మాటాడని మనిషిని ఏం చేస్తాం?" టీ కొట్టు వైపు నడుస్తూ అన్నారు. "లాక్కునుంటే ఈపాటికి నేనేమైపోయుందునో."

ఆయన టీ ఇప్పించారు. ఇద్దరం తాగాం.

మీకు చెప్పేది

ఉపదేశాలు చెప్పడం నాకు చేతకాదు, పైగా ఇందాకటి నుంచీ నా చెవి ఫోన్ మీదే ఉంది. రెండు మాటలు రాసి ఊరుకుంటాను.

ప్రార్థన చేసి గొలుసు తగిలించనివాడు నాకు నచ్చడు. అది విశ్వాసం కాదు, బద్ధకం. విశ్వాసమనేది మీ పని మీ బదులు చెయ్యదు. అన్నీ చేశాక కూడా నిలబడలేని చోటు ఒకటొస్తుంది. అక్కడ పనికొస్తుంది. ఆ చోట మీకు వాదన అక్కరకు రాదు, నేను చూసి వచ్చాను.

నమ్మకం లేనివాళ్ళు నిన్ను కవ్విస్తారు, కవ్వించనీ. వేరే దేవుణ్ణి మొక్కేవాళ్ళతో కలిసి పనిచేస్తావు, వాళ్ళ ప్రాణాలు నీ చేతిలోనూ నీ ప్రాణం వాళ్ళ చేతిలోనూ ఉంటాయి. నాకా ఒక్క ముక్క నేర్పింది గంగరాజు గారు, ఆయన నుదుటి మీద బొట్టుతో సహా. నీ ప్రభువు గురించి నీకెంత తెలుసో వాళ్ళకు చెప్పనక్కర్లేదు. నువ్వు ఇచ్చిన మాట ఏమైందో వాళ్ళే చూస్తారు.

ఇక వీరబాబు సంగతి. వాదన మానలేదు, మానితే వీరబాబు ఎందుకవుతాడు? రేకులెందుకు ఎగిరాయని ఇప్పటికీ అడుగుతాడు, ఇప్పటికీ నేను "ఏమోరా" అంటాను. నేను రిటైరయిన మర్నాడు మొదటిసారి ఫోన్ చేశాడు. "ఎక్కుతున్నానండి బాబాయిగారూ."

"నాకెందుకు చెబుతావురా? నా దగ్గర ఎల్‌సి ఎక్కడుంది?"

"ఎల్‌సి కొత్తాయన దగ్గర తీసుకున్నానండి. మీ దగ్గర తీసుకునేది వేరేది," అని పెట్టేశాడు.

అప్పటి నుంచీ ఇంతే. ఎక్కేటప్పుడొకటి, దిగాక ఒకటి. ఆ రెండు ఫోన్ల మధ్య నేను మనిషిని కాను. మరియమ్మకు అలవాటైపోయింది, అన్నం కూడా పెట్టదు.

ఇదుగో, ఫ్యాన్ తిరిగింది. కరెంటొచ్చింది.

ఫోన్ మోగలేదు.

ఫ్యాన్ తిరిగిందంటే కొత్త ఆపరేటరు లైను ఇచ్చాడు. ఎవరి మాట మీద ఇచ్చాడు? వీరబాబే చెప్పాడా, ఎవరైనా చూశామన్నారా? కుర్రాడు, మెత్తటివాడు, ఎవరైనా గట్టిగా అడిగితే… నేనే చెయ్యనా ఫోన్? స్తంభం మీదున్నవాడికి ఫోన్ చెయ్యకూడదు. ప్రభువా. మరియమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

మోగింది.

"దిగేనండి బాబాయిగారూ."

"ఇంతసేపేంట్రా! లైనొచ్చేసింది, నువ్వు చెయ్యవు! ప్రాణాలు తోడేస్తావేంట్రా నువ్వు!"

"అదేంటండీ," అన్నాడు వీరబాబు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ముందు కొత్తాయనకి చెప్పాలి కదండీ. తీసుకున్న చోట రిటర్న్ ఇచ్చేకే మీకు చేసేను."

"ఆయ్," అన్నాను.

మరియమ్మ నా చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్ళింది. అప్పటిదాకా నేను నిలబడే ఉన్నానని నాకు తెలియదు.